1906 శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం, కాలిపోయిన జనన రికార్డులు, ‘కాగితపు కొడుకులు’: వివరంగా చర్చిద్దాం

#1 పాతపుటలు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. వలసల గురించి మన వేదికలో చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఒక మాట అంటూనే ఉన్నారు: శాన్ ఫ్రాన్సిస్కో భూకంపంలో రికార్డులు తగలబడ్డాయనీ, ఆ సందులో చైనీయులు దొంగ పత్రాలతో అమెరికా పౌరులైపోయారనీ. అందులో కొంత నిజం ఉంది. అయితే అంతటితో ఆగితే ఒక పెద్ద చరిత్రను ఒక్క నేరంగా కుదించినట్టవుతుందని నాకు అనిపించి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నాకు తెలిసినంతవరకు విషయం ఇది. 1906 ఏప్రిల్ 18, ఉదయం 5 గంటల 12 నిమిషాలకు భూమి కంపించింది. తీవ్రత దాదాపు 7.9 అని నేటి అంచనా. కంపనం కన్నా దాని తర్వాత చెలరేగిన మంటలే నగరాన్ని ఎక్కువగా నాశనం చేశాయి. భూగర్భంలోని నీటి గొట్టాలు పగిలిపోవడంతో అగ్నిమాపక దళం చేతిలో నీళ్లు లేవు; మంటకు అడ్డుకట్ట వేయాలని డైనమైట్‌తో ఇళ్లు పేల్చితే చాలాచోట్ల అదే కొత్త మంటలకు కారణమైంది. మూడు రోజులు మండిన నగరంలో సుమారు 28,000 కట్టడాలు పోయాయి. నాలుగు లక్షల జనాభాలో సగానికి పైగా నిలువనీడ లేనివారయ్యారు. చైనాటౌన్ మొత్తం బూడిదయింది. ఏళ్ల తరబడి కట్టిన సిటీ హాల్ నిమిషంలోపే కూలి, తర్వాత కాలిపోయింది. నగరంలోని జనన నమోదు రికార్డులు ఆ మంటల్లోనే పోయాయి.

ఆ తర్వాత ఎందరో చైనీయులు ‘నేను ఇక్కడే పుట్టాను’ అని వాంగ్మూలం ఇచ్చి పౌరులయ్యారు. తమకు చైనాలో కొడుకులు ఉన్నారని నమోదు చేయించి, ఆ పేర్ల మీద పరాయి పిల్లల్ని రప్పించారు. వారినే ‘కాగితపు కొడుకులు’ అంటారు.

నా ప్రశ్న ఇది. దీన్ని మనం ఏమని పిలవాలి? చట్టాలు తెలిసినవారు, ఆ ప్రాంతంలో ఉంటున్నవారు దయచేసి వివరంగా రాయండి.

#2 ఓరుగల్లు_వకీలు

పాతపుటలు గారూ, మంచి చర్చ. పేరు పెట్టే ముందు, అప్పటి చట్టం ఏ తలుపులు మూసిందో, ఏ ఒక్క తలుపు మూయలేకపోయిందో చూడాలి.

మొదట 1875లో పేజ్ చట్టం వచ్చింది. అనైతిక వృత్తి కోసం తెచ్చే స్త్రీలను ఆపడానికని చెప్పుకున్నా, ఆచరణలో చైనా స్త్రీలలో దాదాపు ఎవరినీ రానీయకుండా చేసింది. 1882 మే 6న అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ సంతకం చేసిన చైనీయుల బహిష్కరణ చట్టం పదేళ్లపాటు కూలీల రాకను నిషేధించింది; చైనీయులు పౌరసత్వం కోసం దరఖాస్తు చేసుకునే హక్కు కూడా లేదని తేల్చింది. వర్తకులు, విద్యార్థులు, ఉపాధ్యాయులు, దౌత్యవేత్తల వంటి కొద్దిమందికే మినహాయింపు. 1888లో స్కాట్ చట్టం, తిరిగి రావచ్చని ప్రభుత్వమే ఇచ్చిన ధ్రువపత్రాలను రాత్రికి రాత్రి రద్దు చేసింది. భార్యాబిడ్డలను చూసుకోవడానికి స్వదేశం వెళ్లిన వేలమంది ఆ పత్రాలు చేతిలో ఉండగానే సముద్రానికి అవతల చిక్కుకుపోయారు. 1892 గియరీ చట్టం గడువును మరో పదేళ్లు పెంచి, నివాస ధ్రువపత్రం లేని చైనీయుణ్ణి అరెస్టు చేయవచ్చంది. 1904 నాటికి నిషేధానికి గడువు అన్నదే లేకుండా పోయింది.

ఇక మూయలేని తలుపు. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు చైనా వెళ్లి తిరిగి వస్తే, నువ్వు పౌరుడివి కావు పొమ్మన్నారు. 1898లో సుప్రీంకోర్టు, పద్నాలుగో రాజ్యాంగ సవరణ ప్రకారం అమెరికా గడ్డపై పుట్టినవాడు, తల్లిదండ్రులు ఏ జాతివారైనా, పౌరుడే అని తీర్పు చెప్పింది. పౌరుడైన తండ్రికి విదేశంలో పుట్టిన బిడ్డ కూడా పౌరుడే అన్న నియమం అప్పటికే చట్టంలో ఉంది.

ఈ రెండూ కలిపి చదివితే మార్గం కనిపిస్తుంది. ‘ఇక్కడ పుట్టాను’ అని ఒక్కసారి రుజువైతే ఆ మనిషికి ఓడ ఎక్కి వెళ్లి రావడానికి హక్కు వస్తుంది. వెళ్లి వచ్చిన ప్రతిసారీ ‘నాకు అక్కడ కొడుకు పుట్టాడు’ అని వలస అధికారి ముందు చెబితే, ఆ కొడుకు పేరిట భవిష్యత్తులో ఒకరు రావడానికి రికార్డులో ఒక చోటు ఏర్పడుతుంది. సొంత కొడుకు ఉంటే సొంత కొడుకు. లేకుంటే అన్న కొడుకు, ఊరివాడి కొడుకు, అదీ లేకుంటే దళారి ద్వారా డబ్బు పెట్టి కొనుక్కున్నవాడు. వయసులో ఏడాదికి సుమారు వంద డాలర్ల చొప్పున ధర పలికేదని ఆ కుటుంబాల్లో చెప్పుకుంటారు. పదిహేనేళ్ల కుర్రాడంటే పదిహేను వందల డాలర్లు. ఆ రోజుల్లో అది ఏళ్ల తరబడి బట్టలు ఉతికి తీర్చుకోవలసిన అప్పు.

#3 ఆధారం_అడుగుతాను

ఇద్దరూ చక్కగా రాశారు. ఒక్కచోట మాత్రం సవరణ అవసరం. భూకంపమే ఈ వ్యవహారానికి పుట్టుక అనడం సరికాదు.

కాలిఫోర్నియాలో రాష్ట్రమంతటికీ కలిపి జనన నమోదు విధానం మొదలైందే 1905లో. అంతకుముందు మంత్రసాని చేతుల మీద చైనాటౌన్ గదుల్లో పుట్టిన పిల్లల్లో ఎంతమంది పేర్లు నగర పుస్తకాల్లోకి ఎక్కి ఉంటాయో ఊహించుకోవచ్చు. అందుచేత భూకంపానికి చాలా ముందు నుంచే, ఇక్కడ పుట్టామని చెప్పేవారు సాక్షులను తెచ్చుకుని, కోర్టుల్లో హెబియస్ కార్పస్ (అక్రమ నిర్బంధం నుంచి విడిపించమని కోరే) పిటిషన్లు వేసి గెలుస్తూ వచ్చారు. కోర్టుల్లో చెప్పినవన్నీ నిజమే అయితే అప్పట్లో ఇక్కడున్న ఒక్కొక్క చైనా స్త్రీ వందలమంది కొడుకులను కని ఉండాలని ఒక న్యాయమూర్తి వ్యాఖ్యానించిన సంగతి 1906కు ముందుదే. ఆ దారిని మూయడానికే 1905లో జు టాయ్ కేసులో సుప్రీంకోర్టు, పౌరుడినని చెప్పుకునే వ్యక్తి విషయంలోనూ వలస శాఖ నిర్ణయమే తుదిమాట అని తేల్చింది.

మరి మంటలు చేసిందేమిటి? ఒకడు అబద్ధం చెబుతున్నాడని అనుమానం వస్తే తిరగేసి చూడడానికి ప్రభుత్వం చేతిలో పుస్తకమే లేకుండా పోయింది. ‘నీ పేరు రికార్డులో లేదు’ అన్న మాట ఆ రోజు నుంచి చెల్లలేదు. నిజంగా అక్కడ పుట్టి, ఒకప్పుడు నమోదైనవారికి ఉన్న ఒక్క రుజువూ ఆ మంటల్లోనే పోయిందన్న సంగతిని మనవాళ్లు ఎవరూ రాయరు. నష్టపోయినవారూ చైనీయులే, లాభపడినవారూ చైనీయులే. లాభం గురించి మాత్రమే కథలు మిగిలాయి.

#4 సంధ్య_తెనాలి

క్షమించండి, మీరంతా కాగితాల గురించే రాస్తున్నారు. ఆ మూడు రోజుల్లో మనుషులు ఏమయ్యారు? చైనాటౌన్‌లో ఎంతమంది చనిపోయారు?

#5 పాతపుటలు

సంధ్య గారూ, నా మొదటి సందేశంలో ఉండవలసిన విషయమే అడిగారు. మృతుల సంఖ్యను నగర పాలకులు తొలినాళ్లలో ఐదు వందల లోపే చూపించారు. దశాబ్దాల తర్వాత గ్లాడిస్ హాన్సెన్ అనే నగర ఆర్కైవిస్టు ఒక్కొక్క పేరూ వెతికి పట్టి, అది మూడు వేలకు పైగా ఉంటుందని చూపారు. చైనీయుల మరణాలు ఆ పాత లెక్కలోకి దాదాపు రాలేదు. ఇరుకు గదుల్లో వేలమంది బతికిన పేటలో అంత తక్కువమంది చనిపోయారని నమ్మడం కష్టం.

బతికి బయటపడ్డవారికి విడిగా శిబిరం పెట్టారు. అదీ ఒకచోట నిలవనీయలేదు. సమీపంలోని ఇళ్లవారు అభ్యంతరపెట్టగా ప్రెసిడియో సైనిక స్థావరంలో ఒక మూల నుంచి మరో మూలకు తరలించారు. చాలామంది పడవలెక్కి ఓక్లాండ్‌కు వెళ్లిపోయారు. ఇళ్ల బూడిద చల్లారకముందే జనం చైనాటౌన్ శిథిలాల్లోకి దిగి పింగాణీ, కంచు సామాను దోచుకుపోయారు. కాపలాకు పెట్టిన నేషనల్ గార్డ్ సైనికులు కూడా అందులో ఉన్నారని అప్పట్లోనే ఫిర్యాదులు వెళ్లాయి.

ఇదే అదనుగా నగర పెద్దలు చైనాటౌన్‌ను ఊరి నడిబొడ్డు నుంచి లేపి, దూరాన ఉన్న హంటర్స్ పాయింట్‌కు పంపాలని సంఘం వేశారు. చైనా ప్రభుత్వ ప్రతినిధులు గవర్నరు జార్జ్ పార్డీని కలిసి, తమ కాన్సులేట్ స్థలం చైనాటౌన్‌లోనే ఉందనీ, అక్కడే తిరిగి కట్టుకుంటామనీ స్పష్టం చేశారు. చైనాతో వ్యాపారం వేరే రేవులకు పోతుందన్న భయం ఒకవైపు, అద్దెలు పోతాయన్న తెల్ల భూయజమానుల బాధ మరోవైపు పనిచేసి ఆ ఆలోచన వీగిపోయింది. లుక్ టిన్ ఇలై వంటి వర్తకులు చొరవ తీసుకుని, పగోడా కప్పులతో, రంగురంగుల ముఖద్వారాలతో పేటను పాత స్థలంలోనే కట్టించారు. ఈనాడు పర్యాటకులు ఫోటోలు దిగే ఆ వీధుల అందం, మమ్మల్ని మళ్లీ వెళ్లగొట్టవద్దని చేసుకున్న విన్నపం లాంటిదని నా అభిప్రాయం.

#6 మాధవి_ఫ్రీమాంట్

నేను పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ ఐలాండ్ అనే ద్వీపానికి రెండుసార్లు వెళ్లాను. కళ్లతో చూసింది రాస్తాను.

టిబురాన్ నుంచి పడవలో కొద్ది నిమిషాల ప్రయాణం. దిగాక కొండ అంచు వెంబడి నడిస్తే ద్వీపానికి అటువైపున వలస కేంద్రం కనిపిస్తుంది. 1910 జనవరి 21న తెరిచారు. అంతకుముందు నగరం రేవులో ఓడల కంపెనీకి చెందిన ఒక చెక్క షెడ్డులో మనుషులను కుక్కి ఉంచేవారు. ద్వీపానికి మార్చడంలో ఒక ఉద్దేశం, వచ్చినవారికీ నగరంలోని బంధువులకూ మధ్య మాటలు అందకుండా చేయడం.

మగవారి బ్యారక్‌లో ఇనుప కమ్మీలకు మూడేసి అంతస్తులుగా పడకలు. పక్కవాడి మోచేయి తగలకుండా పడుకోవడం అసాధ్యం. చెక్క గోడలపై అంతా ఒకే లేత రంగు పూసి ఉంటుంది. ఎదురుగా నిలబడితే ఏమీ కనబడదు. మా వెంట ఉన్న గైడు టార్చిలైటును గోడకు ఆనించి పక్కనుంచి వేసింది. ఒక్కసారిగా పై నుంచి కిందికి నిలువు వరుసల్లో అక్షరాలు లేచి వచ్చాయి. కత్తి మొనతో చెక్కిన పద్యాలు. అధికారులు వాటిని పిచ్చిరాతలుగా భావించి పుట్టీ నింపి, పైన రంగు వేశారు. ఆ పుట్టీ, ఆ రంగు పొరలే చెక్క పాడవకుండా కాపాడాయి. 1970లో ఆ భవనాన్ని పడగొట్టబోతుండగా అలెగ్జాండర్ వైస్ అనే పార్కు ఉద్యోగి గుర్తించడంతో బతికిపోయాయి. రెండు వందలకు పైగా పద్యాలు దొరికాయి. నాకు చైనీస్ చదవడం రాదు. కానీ ఒక అక్షరం చివర గీత లోతుగా దిగి, చెక్క పీచు లేచి ఉన్నచోట చాలాసేపు నిలబడిపోయాను. ఆ గీత గీసిన చెయ్యి ఎంత బలంగా నొక్కిందో తెలుస్తూనే ఉంది.

విచారణ గది గురించి చెప్పాలి. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఒక స్టెనోగ్రాఫర్, ఒక దుబాసీ. ఎదుట పన్నెండేళ్ల పిల్లవాడైనా సరే, ఒంటరిగానే కూర్చోవాలి. మీ ఇంటి గుమ్మానికి ఎన్ని మెట్లు? ఇల్లు ఏ దిక్కుకు తిరిగి ఉంది? రెండో వరుసలో మూడో ఇల్లు ఎవరిది? బియ్యం డబ్బా ఎక్కడ పెడతారు? ఊరి బావి ఎక్కడ? మీ నాయనమ్మ ఎప్పుడు చనిపోయింది, ఎక్కడ పూడ్చారు? ఇలాంటివి వందల ప్రశ్నలు, రోజుల తరబడి. అవే ప్రశ్నలు నగరంలోని తండ్రిని, అన్నలను విడిగా అడిగేవారు. తేడా వస్తే అంతే.

అందుకే బయలుదేరే ముందు నెలల తరబడి చిన్న పుస్తకం ఒకటి బట్టీ పట్టేవారు. ప్రశ్న, జవాబు, ఊరి నక్ష అన్నీ అందులో ఉండేవి. ఓడ ఒడ్డుకు చేరేలోపు ఆ పుస్తకాన్ని సముద్రంలో పారవేసేవారు.

#7 విశ్రాంత_రెవెన్యూ

మాధవి గారి వివరణ చదివాక నిద్రపట్టలేదు. నేను కృష్ణా జిల్లాలో రెవెన్యూ శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. వారసత్వ విచారణలు, కుటుంబ సభ్యుల ధ్రువీకరణలు, ఆలస్యపు జనన నమోదుల నివేదికలు నా చేతుల మీదుగా వందల్లో వెళ్లాయి. అందువల్ల ఆ ప్రశ్నల పద్ధతి గురించి నా అనుభవం చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అన్నదమ్ములను వేర్వేరుగా కూర్చోబెట్టి, మీ పాత ఇంటి బావి ఎటువైపు అని అడిగాను. ఒకరు తూర్పున అన్నారు, ఒకరు పెరట్లో అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరు దిక్కు చూసి, ఒకరు వాడుక చూసి. మెట్లు లెక్కపెట్టమంటే సొంత ఇంట్లో ముప్ఫై ఏళ్లు ఉన్నవాడు కూడా తడబడతాడు. తడబాటు లేకుండా, వెంటనే, ఒకే మాటల్లో ఇద్దరూ చెప్పారంటే నాకు అనుమానం వచ్చేది. కాబట్టి ఏంజెల్ ఐలాండ్ పరీక్ష ఎవరిని వడగట్టింది? బట్టీ పట్టినవాడు నెగ్గాడు. నిజం కొడుకు కూడా నెగ్గాలంటే తన సొంత ఇంటిని పరాయి ఇంటిలాగా బట్టీ పట్టవలసి వచ్చింది. ఒక విచారణాధికారిగా నాకు ఇంతకంటే పెద్ద వైఫల్యం కనబడదు.

విపత్తులో కాగితం పోవడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన తర్వాత నేను ఉద్యోగంలో కొత్త. ఉప్పునీరు తాగిన రిజిస్టర్లను ఎండలో పరిచి, ఒక్కొక్క పుట విడదీస్తుంటే సిరా పేపరంతా పాకి, పేర్లన్నీ నీలం మరకలయ్యాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి జనం వచ్చి ‘అయ్యా, మా నాన్న పేరు మీ పుస్తకంలో ఉండేది’ అనేవారు. ఉండేదో లేదో చెప్పే స్థితిలో మేము లేము. పెద్దమనుషుల వాంగ్మూలం తీసుకుని నమ్మాం. నమ్మినవారిలో అబద్ధం చెప్పినవారు ఉండవచ్చు. నమ్మకపోతే నిజం చెప్పిన వేలమంది ఏమయ్యేవారు?

#8 నిక్కచ్చి

నేను భిన్నాభిప్రాయం చెబుతున్నందుకు పెద్దలు మన్నించాలి. సానుభూతి ఉండవలసిందే. అయినా మోసాన్ని మోసం అనడానికి మనం ఎందుకు వెనకాడుతున్నాం? ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం ఏ కాలంలోనైనా తప్పే. పైగా ఇది పేదవాడు ఆకలికి చెప్పిన అబద్ధంతో ఆగలేదు. దళారులు ఏర్పడ్డారు, ధరలు ఏర్పడ్డాయి, లంచాలు తీసుకున్న ప్రభుత్వోద్యోగులు ఏర్పడ్డారు. లేని కొడుకును నమోదు చేయించి, ఆ పేరును అమ్ముకున్న ‘కాగితపు తండ్రి’ వ్యాపారమే చేశాడు కదా?

ఇంకొక మాట. ఆ అబద్ధాల మూలంగా దెబ్బతిన్నవారు నిజమైన కొడుకులే. ఓరుగల్లు వకీలు గారు చెప్పిన వాంగ్ కిమ్ ఆర్క్ పెద్ద కొడుకు 1910లో వస్తే, జవాబులు సరిపోలలేదని తిప్పి పంపేశారు. పౌరసత్వానికి దేశం మొత్తానికి దారి చూపిన మనిషికే తన కొడుకును తెచ్చుకోవడం చేతకాలేదు. మిగిలిన ముగ్గురు కొడుకులు తర్వాతి కాలంలో రాగలిగారు. అబద్ధపు కొడుకులు అంతమంది లేకపోయి ఉంటే ఆ ప్రశ్నలు అంత కఠినంగా ఉండేవా?

#9 ఓరుగల్లు_వకీలు

నిక్కచ్చి గారూ, దళారుల విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. వారిని వెనకేసుకురావలసిన అవసరం ఎవరికీ లేదు.

ప్రశ్నలు కఠినం కావడానికి అబద్ధపు కొడుకులే కారణమన్న వాదన మాత్రం కాలక్రమానికి నిలవదు. స్కాట్ చట్టం చెల్లుబాటు పత్రాలు ఉన్నవారిని తిప్పి పంపింది. గియరీ చట్టం నివాసం రుజువు చేసుకోవడానికి తెల్లజాతి సాక్షినే అడిగింది. ఇవన్నీ భూకంపానికి పద్నాలుగేళ్లు, పద్దెనిమిదేళ్లు ముందటివి. చైనీయుడు చెప్పేది అబద్ధమే అని ముందే నిర్ణయించుకున్న యంత్రాంగం అప్పటికే సిద్ధంగా ఉంది. అదే కాలంలో ఐరోపా నుంచి న్యూయార్క్ రేవులోని వలస కేంద్రం ఎల్లిస్ ఐలాండ్‌కు వచ్చినవారిలో అత్యధికులు కొన్ని గంటల్లో బయటపడ్డారు. వారిని తమ ఊరి బావి ఎక్కడని అడిగినవారు లేరు.

నేను నా కక్షిదారులకు చెప్పే మాటే ఇక్కడా చెబుతాను: చట్టవిరుద్ధం అన్నది ఒక ప్రశ్న, అన్యాయం అన్నది మరొక ప్రశ్న. ఈ చరిత్రలో మొదటి దానికి జవాబు వలసదారుడి వైపు వేలు చూపితే, రెండోదానికి జవాబు చట్టసభ వైపు చూపుతుంది.

#10 సంధ్య_తెనాలి

నమోదైనవారంతా కొడుకులే కావడం గమనించారా? ఊరి నుంచి తిరిగివచ్చిన ప్రతి తండ్రీ ‘కొడుకు పుట్టాడు’ అనే చెప్పాడు. నిజంగా కూతురు పుట్టినా కొడుకు అని రాయించి ఆ చోటును అట్టేపెట్టుకున్నవారు ఉన్నారు. ఆ కూతురు తన తండ్రి కాగితాల్లో ఎన్నడూ పుట్టలేదు. ‘కాగితపు కూతుళ్లు’ కూడా ఉన్నారు గానీ చాలా తక్కువ.

భార్యల సంగతి ఇంకా ఘోరం. 1924 వలస చట్టం తర్వాత, అమెరికా పౌరుడైన చైనీయుడు కూడా చైనాలో ఉన్న భార్యను తెచ్చుకోలేకపోయాడు. 1930లో కొంచెం సడలించి, 1924 మే నెలకు ముందు పెళ్లయిన భార్యలకు మాత్రం అనుమతి ఇచ్చారు. క్వాంగ్‌టుంగ్ ప్రాంతంలోని తైషాన్ ఊళ్లలో, భర్త ఎప్పుడో పదేళ్లకొకసారి వస్తాడని ఎదురుచూస్తూ అత్తగారింట వయసు గడిపేసిన స్త్రీలను తలచుకుంటే, గల్ఫ్ వెళ్లిన భర్తల కోసం మన కరీంనగర్, నిజామాబాద్ ఊళ్లలో ఎదురుచూసే ఆడవాళ్లు గుర్తొస్తారు.

#11 కొత్తసభ్యుడు_22

అందరికీ నమస్కారం. చిన్న ప్రశ్న. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన తెలుగు విద్యార్థులు వందలమంది చిక్కుల్లో పడ్డారు. మా బంధువుల అబ్బాయి కాలికి కూడా ఎలక్ట్రానిక్ పట్టీ తగిలించారు. దానికీ దీనికీ పోలిక ఉందా?

#12 ఆధారం_అడుగుతాను

కొంతవరకే ఉంది. అక్కడ సంస్థ నడిపిన వ్యక్తి వీసా మోసానికి పాల్పడినట్టు కోర్టులో రుజువై, 2014లో పదహారేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఆ విద్యార్థులకు సక్రమమైన దారులు వేరే ఉన్నాయి; కొందరు మోసపోయారు, కొందరు తెలిసే చేరారు. 1906 నాటి తైషాన్ కుర్రాడికి కూలివాడిగా పుట్టినందుకు సక్రమమైన దారి అన్నది ఒక్కటీ లేదు. ఆ తేడా మరిచిపోతే పోలిక తప్పుదారి పట్టిస్తుంది. కాలికి పట్టీ వేసినప్పుడు ఆ పిల్లవాడు పడిన అవమానం మాత్రం చిన్నది కాదు. వారికి నా సానుభూతి తెలియజేయండి.

#13 మాధవి_ఫ్రీమాంట్

ఈ కథ 1940లో ఏంజెల్ ఐలాండ్ పాలనా భవనం అగ్నికి ఆహుతై కేంద్రం మూతపడడంతో ముగియలేదు. 1943 డిసెంబరులో, యుద్ధంలో చైనా మిత్రదేశం కావడంతో, బహిష్కరణ చట్టం రద్దయింది. ఇచ్చిన కోటా ఏడాదికి 105 మంది. అదే పద్ధతిలో 1946లో మన భారతీయులకు వంద ఇచ్చారు.

అసలు భయం 1950లలో వచ్చింది. చైనాలో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడ్డాక, దొంగ పత్రాల దారిలో గూఢచారులు వస్తున్నారని హాంకాంగ్‌లోని అమెరికా కాన్సుల్ జనరల్ 1955లో నివేదిక పంపారు. మరుసటి సంవత్సరం శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్ సంఘాల రికార్డులన్నీ అప్పగించమని నోటీసులు వెళ్లాయి. కోర్టు వాటిని కొట్టివేసింది. అప్పుడు వలస శాఖ ‘ఒప్పుకోలు కార్యక్రమం’ మొదలుపెట్టింది. మీ అసలు పేరు చెప్పండి, అర్హత ఉంటే నివాసం క్రమబద్ధం చేస్తాం అన్నారు. హామీ మాత్రం రాతపూర్వకంగా ఇవ్వలేదు. 1965 వరకు దాదాపు 14,000 మంది ఒప్పుకున్నారు. ఒకరు నోరు విప్పితే ఆ కాగితపు వంశంలోని అన్నలు, తమ్ముళ్లు, వారి పిల్లలు అందరూ బయటపడతారు. అలా 22,000 మందికి పైగా పేర్లు వెలుగులోకి వచ్చాయి. వామపక్ష సంఘాల్లో ఉన్నవారిని ఏరి, వారి మీద ఇదే ఆయుధం ప్రయోగించారు.

నాతో పనిచేసిన ఒక చైనీస్ అమెరికన్ సహోద్యోగిని చెప్పింది: వాళ్ల నాన్న చిన్నప్పుడు, తలుపు తట్టిన అపరిచితుడికి తాతగారి పేరు చెప్పకూడదని ఇంట్లో నేర్పారట. ఎందుకో చెప్పలేదట. బడిలో ఒక ఇంటిపేరు, కొత్త సంవత్సరం విందులో పెద్దలు పిలిచే ఇంటిపేరు మరొకటి. ఆయనకు నలభై ఏళ్లు దాటాక గానీ కారణం తెలియలేదు.

#14 నిక్కచ్చి

మాధవి గారు రాసింది చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. మోసం అన్న పదాన్ని నేను వదులుకోవడం లేదు. అయితే దానికి శిక్ష ఎంత అని అడిగితే, మూడు తరాలు సొంత ఇంటిపేరు పైకి చెప్పుకోలేకపోవడం ఏ న్యాయస్థానమూ వేయనంత పెద్ద శిక్ష. మనకు ఇంటిపేరు అంటే ఏమిటో తెలుసు కదా. దత్తత వెళ్లినవాడు కూడా పుట్టింటివారి ఇంటిపేరు ఏమిటో ధైర్యంగా చెప్పగలడు.

#15 విశ్రాంత_రెవెన్యూ

నాది ఒక సందేహం. ఆ విచారణల కాగితాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఎవరైనా చూడవచ్చా? ఇన్ని వేల వాంగ్మూలాలు భద్రంగా ఉన్నాయంటే నాకు నమ్మశక్యంగా లేదు.

#16 మాధవి_ఫ్రీమాంట్

ఉన్నాయండీ. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయానికి దగ్గర్లో, శాన్ బ్రూనోలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఫైలు నంబరు పట్టుకుని వచ్చి, ముందుగా సమయం తీసుకుని, చూసుకుంటున్నారు. నా సహోద్యోగిని తన తాతగారి ఫైలు చూడడానికి వెళ్తూ నన్నూ రమ్మంది.

బూడిదరంగు పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టారు. పైన పదమూడేళ్ల పిల్లవాడి ఫోటో, కింద టైపు చేసిన ప్రశ్నలు, జవాబులు, ఆఖరి పుటలో ఊరి నక్ష. అడ్డంగా ఇళ్ల వరుసలు, ఒక్కో గడిలో ఒక్కో కుటుంబం పేరు, చివర చెరువు, మూల మీద బావి. ఆమె ఆ నక్ష మీద వేలు పెట్టి, ‘ఇది తాతయ్య పుట్టిన ఊరు కాదు, బట్టీ పట్టిన ఊరు’ అంది. తర్వాత కాసేపు గడులు లెక్కపెట్టింది. రెండో వరుసలో మూడో ఇంటి పేరు దగ్గర ఆగి, ఆ పేరు తన నోట్‌బుక్‌లో రాసుకుంది.